నలభై ఒకటో పిట్ట

మైకు మామకు ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఎందుకు పెట్టారో అవతలి రేవులో ఉన్నవాళ్ళకు కూడా తెలుసు. ఒకసారి ఆయన ఒడ్డున నిలబడి తుమ్మితే, సైరన్ మోగిందనుకుని ఓ ఓడ లంగరెత్తి వెళ్ళిపోయిందట. ఈ సంగతి చెప్పింది ఆయనే కాబట్టి ముప్పాతిక వంతు తీసేసి పుచ్చుకోవాలి. మిగిలిన పాతిక వంతు మాత్రం నిజం. మామ రహస్యం చెబుతానని దగ్గరికి వస్తే పక్కవాడు ముందు చెవులు మూసుకునేవాడు.

ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. పిట్టలిచ్చింది.

మామ సముద్రతీర అభయారణ్యంలో కావలివాడు. అరణ్యమని పేరే గానీ వీపు ఆనించుకోవడానికి ఒక్క చెట్టు లేదు. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పునీటి కాలువ, మధ్యలో నాలుక చాపినట్టు అర మైలు ఇసుక దిబ్బ. దిబ్బ మొదట్లో నాలుగు కర్ర కాళ్ళ మీద నిలబెట్టిన కావలి గది. గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, మేకుకు వేలాడే బైనాక్యులర్స్, దాని పక్కనే పిట్టల లెక్క రాసే పుస్తకం, మామ, మామ పెళ్ళాం. ఆమెను అందరూ అత్త అంటారు. గది దాటి ముప్పై గజాలు పోతే దిబ్బకు అడ్డంగా కట్టిన తాడు. ఆ తాడు దాటి మనిషన్నవాడు అడుగు పెట్టకూడదు. మామ కూడా పెట్టకూడదు. మామ పడవల వడ్రంగి పని మానేసి ఈ ఉద్యోగంలో చేరింది ఆ తాడుకు కాపలా కాయడానికే.

ఏటా ఎండలు మొదలయ్యే రోజుల్లో సముద్రం మీది నుంచి పిట్టలు దిగేవి. ఒళ్ళంతా తెలుపు, నెత్తి మాత్రం సిరాబుడ్డిలో ముంచి తీసినట్టు నలుపు. పుస్తకంలో వాటికి పలకడానికి రెండు రోజులు పట్టే పేరొకటుంది. ప్రపంచం మొత్తం మీద బాగా తక్కువ మిగిలిన జాతి అని కూడా ఉంది. అత్త వాటికి నల్లటోపీలని పేరు పెట్టేసి ఆ పని ముగించింది. గూడంటే వాటికి పుల్లా పుడకా ఏమీ అక్కర్లేదు. పొట్టతో ఇసుకలో గుండ్రంగా ఓ గుంట చేసుకుని, గులకరాయిలాంటి గుడ్డు పెట్టి, దాని మీద కూర్చుని, ఇక మూడు నెలలు అరవడమే. ఒకటా రెండా, వెయ్యికి పైగా. అన్నీ లేచాయంటే గదిలో పట్టపగలు దీపం వెలిగించుకోవాల్సి వచ్చేదని మామ అనేవాడు. దీపం మాటేమో గానీ, అత్తను ఉప్పు అడగాలన్నా కేక పెట్టాల్సి వచ్చేది నిజం. ఆ మొగుడూ పెళ్ళాల సరసాలూ తగువులూ అన్నీ కేకల్లోనే సాగాయి. పట్నంలో కాపురం ఉన్న కూతురు ఫోను మూర దూరాన పట్టుకుని మాట్లాడుతుంది. కొత్తలో అల్లుడు అడిగాడట, "మీ నాన్న ఫోన్లో మాట్లాడుతున్నాడా, అక్కణ్ణుంచే పిలుస్తున్నాడా?" అని.

ఇరవై ఆరేళ్ళు అలా గడిచాక ఓ ఏడు తుపాను వచ్చింది. పిట్టలు గుడ్ల మీద కూర్చుని ఉన్న రోజుల్లో అల ఒకటి దిబ్బను ఈ చివర నుంచి ఆ చివరకు తుడిచేసింది. పిట్టలు మూడు రోజులు దిబ్బ మీదే తిరిగాయి, నాలుగోరోజు వెళ్ళిపోయాయి. మరుసటేడు రాలేదు. ఆ మరుసటేడూ రాలేదు.

పొద్దున్నే లేచి మామ రెండు చెవుల మీదా అరచేతులతో కొట్టుకునేవాడు.

"నీ చెవులు బాగానే ఉన్నాయయ్యా!" అని అత్త అరిచేది.

"మరి ఏం వినపడట్లేదే!" అని మామ అంతకంటే గట్టిగా అరిచేవాడు.

"వినపడ్డానికి ఏముందని!"

అన్నేళ్ళ రొద వాళ్ళ గొంతుల్లో మాత్రమే మిగిలింది. పిట్టలు లేకపోయినా ఉప్పు అడగడానికి కేక వేయడం మానలేకపోయారు.

మామ మెట్ల మీద కూర్చుని కళ్ళు కాయలు కాచేలా సముద్రం వైపు చూసేవాడు. దూరాన తెల్లగా ఏది కదిలినా "వచ్చాయే!" అని కేక. చేతిలో గరిటెతో అత్త పరుగెత్తుకొచ్చేది. ఒకనాడు అది నురగ, ఒకనాడు ఎవరిదో చొక్కా. ఒకరోజు ప్లాస్టిక్ సంచి ఒకటి గాలికి తేలుతూ వచ్చి తాడు దాటి దిబ్బ మీద వాలింది. దాన్ని మామ పిట్టను చూసినట్టు చూస్తూ అరపూట కూర్చున్నాడు. అత్త నవ్వలేదు. ఆమె కూడా పక్కన కూర్చుంది.

ఇంతవరకూ అయితే ఇది దుఃఖపడే మనిషి కథ. కానీ మామ దుఃఖపడి ఊరుకునే రకం కాదు, కోతలు కోసే రకం. అక్కడే చిక్కొచ్చింది.

పిట్టల పుస్తకంలో ఏటా గూళ్ళ లెక్క రాసి ఆఫీసుకు పంపాలి. వరసగా మూడేళ్ళు గూడన్నదే లేకపోతే తాడు తీసేసి, కావలి ఎత్తేసి, దిబ్బను జనానికి వదిలేయాలని ఆఫీసు రూలు. జీపులొస్తాయి, కుక్కలొస్తాయి, గొడుగులు పాతుకుంటారు. రేపు పిట్టలు తిరిగొచ్చి చూస్తే దిగడానికి చోటుండదు. మామ భయమంతా ఒక్కటే. అవి రాకపోవడం కాదు. వచ్చేసరికి తాడు లేకపోవడం.

అందుకని మొదటి ఏడు, రేపో మాపో వస్తాయిలే అని, పాత లెక్కే పెన్సిలుతో రాశాడు: ఆరువందల పది గూళ్ళు. రాలేదు. పెన్సిలు మీద పెన్నుతో దిద్దాడు. రెండో ఏడు అదే అంకె వేస్తే అనుమానం వస్తుందని ఆరువందల ఇరవై రెండు చేశాడు. మూడో ఏడు కలం ఊపులో ఉంది, ఆరువందల నలభై.

"కాకిలెక్కలు రాస్తున్నావు," అంది అత్త.

"కాకులవి కాదే, నల్లటోపీలవే రాస్తున్నా!"

ఆఫీసు మురిసిపోయి ఓ సర్టిఫికెట్ పంపింది: ఉత్తమ కావలివాడు. అద్దం కట్టించి గోడకు పెట్టాడు. అది మాత్రం ఒప్పుకోవాలి, లేని పిట్టలను కాపాడి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడు ఆ తీరంలో ఇంకొకడు లేడు.

నాలుగో ఏడు ఎండలు మొదలయ్యాయి. ఆకాశం ఖాళీ. ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. అన్ని తీరాల్లోనూ ఈ జాతి తగ్గుతుంటే మీ దిబ్బ మీద మాత్రమే పెరుగుతోందట, ఎలాగో చూసి రాసుకోవడానికి పిట్టల ఆఫీసరమ్మ పది రోజుల్లో వస్తోంది, సిద్ధంగా ఉండండి అని. మామ పైప్రాణాలు పైనే పోయాయి. ఫోను పెట్టేసి కాసేపు నిజంగానే గొంతు పెగల్లేదు. అది చూసి అత్త హడలిపోయింది.

"ఏమైందయ్యా? మాట్లాడు! కూతురికేమైనా అయిందా?"

"పిట్టలకు పిలుపొచ్చింది," అన్నాడు మామ.

ఆ సాయంత్రం మామ అటక మీది నుంచి పాత సంచి దించాడు. ఉలి, బాడిశ, చిత్రిక, ఆకురాయి. ఒడ్డున విరిగిపడి ఉన్న పాత పడవ చెక్కలు మోసుకొచ్చాడు. మర్నాడు తెల్లారేసరికి గది కింద నీడలో మొదటి పిట్ట పొట్ట నున్నబడుతోంది. రోజుకు నాలుగైదు. పడవ ముందు కొసకు అణియం వంపు తిప్పిన చెయ్యి, పిట్ట రొమ్ము తిప్పడానికి ఎంతసేపు? తెల్లరంగు ఆయనే పూశాడు. టోపీలు మాత్రం అత్త వేసింది.

"ఎందుకయ్యా ఈ దొంగపని, నిజం చెప్పేస్తే పోదా?" అంటూనే వేసింది.

"చెబితే తాడు పోతుందే!"

"నలభై బొమ్మలు పెట్టి ఆరువందల గూళ్ళంటే ఆమెకు లెక్కలు రావా?"

"మిగతావి మేతకు పోయాయని చెబుతా!"

అత్త కుంచె పట్టుకుని ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఇంకో టోపీ వేసింది. ఎందుకంటే ఎండలో ఆరబెట్టిన ఆ పిట్టలను గది మెట్ల మీది నుంచి చూస్తే, నాలుగేళ్ళ తర్వాత ఆమెకు కూడా గుండె ఒక్కసారి ఎగిరి కూర్చుంది.

పదో రోజు పొద్దున్న మామ తన సర్వీసులో మొదటిసారి తాడు దాటాడు. నలభై పిట్టలనూ ఇసుకలో పొందిగ్గా కూర్చోబెట్టాడు. కొన్ని జంటలుగా, కొన్ని విడిగా. ఆఫీసరమ్మ చూసేది గది నుంచి కాబట్టి టోపీలూ ముక్కులూ బాగా కనపడాలని, అన్నింటినీ గది వైపుకు మొహం పెట్టి కూర్చోబెట్టాడు. పెళ్ళి ఫొటోకు నిలబెట్టినట్టు.

మధ్యాహ్నం రెండింటికి జీపొచ్చింది. ఆఫీసరమ్మ చిన్న వయసే, కళ్ళజోడు, మెడలో మామవాటి కంటే రెండింతల బైనాక్యులర్స్. జీపు డ్రైవరు దిగగానే దిబ్బ వైపు చూసి, "ఓహో, కిటకిటలాడుతున్నాయే!" అన్నాడు. మామ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఆఫీసరమ్మ మెట్లెక్కి బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"పెద్దాయనా, ఇప్పుడు గాలి ఎటు నుంచి వస్తోంది?"

"సముద్రం నుంచేనమ్మా! మధ్యాహ్నమైతే ఇక్కడ సముద్రపు గాలి! ఒకసారి ఈ గాలికి నా తలపాగా ఎగిరి—"

"మరి మీ పిట్టలు సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాయేంటి?"

మామ దిబ్బ వైపు చూశాడు, తర్వాత సముద్రం వైపు.

"గాలికి తోక పెట్టి ఏ పిట్టా కూర్చోదు," అందామె అద్దాలు దించకుండానే. "ఈకలన్నీ గొడుగు తిరగబడినట్టు తిరగబడతాయి. ఎప్పుడూ గాలికి ఎదురుగానే కూర్చుంటాయి. నలభై పిట్టలూ ఒక్కసారి మర్చిపోయాయా?"

ఇరవై ఆరేళ్ళు చూసిన సంగతే. పొద్దున నేల గాలి, మధ్యాహ్నం సముద్రపు గాలి, రోజుకు రెండుసార్లు వెయ్యి టోపీలు ఒక్కలా తిరగడం ఆయన కళ్ళారా చూసిందే. పిట్టలకు బదులు ఆఫీసరమ్మను తలుచుకుంటూ సర్దాడు. అంతే తేడా.

డ్రైవరు ఒకటే నవ్వు. "మామా, మరి గుడ్లు కూడా చెక్కవేనా? ఆమ్లెట్ వేస్తే రంపం కావాలేమో!"

"నువ్వు కాస్త జీపులో కూర్చో," అంది ఆఫీసరమ్మ. తర్వాత మామ వైపు తిరిగింది. "ఎన్నాళ్ళయింది?"

అత్త చెప్పింది, జీపులోవాడికి కూడా వినపడేలా. "నాలుగేళ్ళయిందమ్మా! తుపాను తర్వాత ఒక్కటంటే ఒక్కటి రాలేదు! తాడు తీసేస్తారేమో, వస్తే వాటికి చోటుండదేమో అని రాశాడు! తిట్టేదుంటే నన్నూ తిట్టు, టోపీలు నేనే వేశాను!"

ఆఫీసరమ్మ తిట్టలేదు. అదే మామకు కష్టమైపోయింది. ఆమె మేకుకున్న పుస్తకం తీసి ఆయన ముందు పెట్టింది.

"ఈ అంకెలు నమ్మి, ఇక్కడ బాగానే ఉన్నాయి కదా అని, ఆఫీసువాళ్ళు వీటికోసం చేయాల్సినవి చేయలేదు. తెలుసా? పోయాయని తెలిస్తే మూడేళ్ళ క్రితమే ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. మీ చేత్తోనే దిద్దండి."

మామ బతుకులో ఎన్నో అంకెలు పలికాడు. చేప అంటే పడవంత, పడవ అంటే ఓడంత. వందకు తక్కువ అంకె ఆయన నోట్లోంచి వచ్చిన దాఖలా లేదు. ఆ మధ్యాహ్నం మాత్రం ఆరువందల పది మీద గీత కొట్టి పక్కన సున్నా చుట్టాడు. ఆరువందల ఇరవై రెండు, సున్నా. ఆరువందల నలభై, సున్నా. మూడో సున్నా చుడుతుంటే అది గుడ్డు ఆకారంలో వచ్చింది. ఆ మూడు సున్నాలూ రాసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అవి పిట్టలు లేవన్న లెక్క కాదు. లేవని తాను ఒప్పుకున్న లెక్క.

"రూలు ప్రకారం ఇవాళే తాడు తీయించాలి," అంది ఆఫీసరమ్మ. "కానీ గుడ్లు పెట్టే రోజులు దాటడానికి ఇంకా ఇరవై రోజులున్నాయి. ఇరవయ్యో రోజు వస్తాను. ఉన్నదే రాస్తాను, లేనిది రాయను."

"బొమ్మలు తీసేయమంటారా అమ్మా?"

ఆమె దిబ్బ వైపు చూసి మొదటిసారి కొంచెం నవ్వింది. "వేరే తీరాల్లో ఇది ఉద్యోగం, పెద్దాయనా. పిట్టలు పిట్టలున్న చోటే దిగుతాయి. అందుకని బొమ్మలు పెట్టి పిలుస్తారు. మీరు నాకోసం పెట్టారు కాబట్టి మోసమైంది. వాటికోసం పెట్టండి."

జీపు వెళ్ళిపోయాక మామ సర్టిఫికెట్‌ను గోడ వైపుకు తిప్పి పెట్టాడు. మర్నాడు నలభై పిట్టలనూ గది కిందికి తెచ్చి ఒక్కోదాని పొట్టలో సన్నటి రంధ్రం తొలిచాడు. ఇసుకలో పాతిన ఇనుప చువ్వ మీద కూర్చోబెడితే, గాలి ఎటు తిరిగితే అటు, ఎవరూ ముట్టుకోకుండా పిట్ట తిరగాలి. తెడ్డు తూకం తెలిసిన చెయ్యి కాబట్టి తోక ఎంత బరువుంచాలో దానికి తెలుసు. ఆ మధ్యాహ్నం నేల గాలి ఆగి సముద్రపు గాలి లేచింది. నలభై టోపీలు మెల్లగా, ఒకదాని వెనక ఒకటి, సముద్రం వైపుకు తిరిగాయి.

అత్త చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "అచ్చం అలాగే కదయ్యా!" అంది.

"అరుపొక్కటే తక్కువ," అన్నాడు మామ.

ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం బైనాక్యులర్స్‌తో లెక్క. నలభై. నలభై. ఏ చువ్వ వంగిందో, ఏది పడిందో చూసుకోవడానికి లెక్కపెట్టేవాడు. ఐదో రోజు నలభై. తొమ్మిదో రోజు ఒకటి ఒరిగింది, ముప్పై తొమ్మిది, నిలబెట్టి వచ్చాడు. పదకొండో రోజు పొద్దున లెక్కపెడితే నలభై ఒకటి.

లెక్క తప్పిందనుకుని మళ్ళీ పెట్టాడు. నలభై ఒకటి. అద్దాలు తుడిచి కుడి నుంచి ఎడమకు పెట్టాడు. నలభై ఒకటే. అప్పుడు నలభై ఒకటోది మెడ వెనక్కి తిప్పి వీపు గోక్కుంది.

మామ నోరు తెరిచాడు. నాలుగేళ్ళుగా నురగకూ చొక్కాకూ పెట్టిన కేక గొంతుదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. అరిస్తే లేచిపోతుంది. వెయ్యి ఉన్నప్పుడు మామ అరుపు వాటికి లెక్కే కాదు, వాటి గోలలో అది ఏ మూలకు? ఒక్కటంటే ఒక్కటే ఉంది ఇప్పుడు.

మునివేళ్ళ మీద గదిలోకి వెళ్ళి అత్త భుజం తట్టాడు. అత్త తిరిగి చూసేసరికి మొగుడి పెదాలు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు.

"ఏంటి! గట్టిగా చెప్పు!"

మామ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టి చెవిలో చెప్పాడు. "ఒకటి... వచ్చింది."

"మళ్ళీ కోతలా?" అనబోయింది అత్త. కానీ ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని ఆమెకు పెళ్ళయినప్పటి నుంచీ తెలియదు. ఆ గొంతు విని నమ్మింది. మెట్ల మీదకు వచ్చి చూసింది. తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు, కిక్కురుమనకుండా.

"కుడి నుంచి మూడోది," అని గుసగుసగా మామ.

"కనపడింది. కాస్త చిక్కినట్టు లేదూ?"

"దూరం నుంచి వచ్చింది కదే."

ముప్పై ఏళ్ళ కాపురంలో వాళ్ళు అంత దగ్గరగా జరిగి మాట్లాడుకోవడం అదే మొదలు. స్టవ్వు మీద మాడిన వాసన వచ్చినా ఇద్దరూ లేవలేదు.

పధ్నాలుగో రోజు నలభై రెండు. రెండోది ముక్కున చిన్న చేప పట్టుకుని దిగి, పొరపాటున ముందు ఓ చెక్కపిట్టకు పెట్టబోయింది. అది పుచ్చుకోలేదు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. పదహారో రోజు జంట ఇసుకలో పొట్టలు తిప్పి గుంట చేసింది. గుంట ఉంది గానీ రెండూ పక్కన తిరగడమే తప్ప దాని మీద కూర్చోవడం లేదు, అంటే అందులో గుడ్డు లేదు. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. గుడ్డు లేదు. మామకు తిండి సయించలేదు.

ఇరవయ్యో రోజు ఆఫీసరమ్మ వచ్చింది. "ఎలా ఉన్నారు పెద్దాయనా?" అంటే "బాగానే ఉన్నామమ్మా" అని ఇద్దరూ గుసగుసగా అన్నారు. డ్రైవరు, "మామకు గొంతు పోయిందా?" అన్నాడు. అత్త వాడి నోటి మీద చూపుడు వేలు పెట్టింది. వాడు ఆ వేలి పైనుంచి దిబ్బ వైపు చూసి, మునివేళ్ళ మీద జీపులోకి వెళ్ళి కూర్చున్నాడు.

ఆఫీసరమ్మ చాలాసేపు చూసింది. ఈసారి గాలి సంగతి అడగలేదు.

"ఇక్కణ్ణుంచి గుంట లోపల ఏముందో కనపడటం లేదు. రోజూ చూసేది మీరు. గుడ్డుందా?"

ఉందంటే పని అయిపోయినట్టే. దగ్గరికి వెళ్ళి చూస్తే పిట్టలు లేచిపోతాయి, ఆమె వెళ్ళదు. ఒక్క గుడ్డు. ఆరువందలు కాదు, ఒక్కటి. మామ జేబులో చెయ్యి పెట్టాడు. పంతొమ్మిదో రోజు చెక్కిన గుడ్డు అందులోనే ఉంది. మచ్చలు కూడా పెట్టాడు, అచ్చం. పొద్దున తాడు దాకా వెళ్ళాడు దాంతో. తాడు పట్టుకుని కాసేపు నిలబడి వెనక్కి వచ్చాడు.

దాన్ని తీసి ఆఫీసరమ్మ చేతిలో పెట్టాడు.

"ఇదొక్కటే ఉందమ్మా. అక్కడ లేదు."

ఆమె ఆ చెక్కగుడ్డును అటూ ఇటూ తిప్పి చూసి తన సంచిలో వేసుకుంది. పుస్తకం మామ ముందుకు జరిపింది. మామ తేదీ వేసి రాశాడు. పిట్టలు: రెండు. గుంట: ఒకటి. గుడ్డు: లేదు. ఆయన రాసినవాటిలో అంత చిన్న అంకెలు ఎప్పుడూ లేవు. వాటి మీద ఆయనకున్నంత గర్వం ఆరువందల నలభై మీద కూడా లేదు. కింద ఆఫీసరమ్మ ఇంకో రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టింది: జంట తిరిగి వచ్చింది. తాడు వచ్చే ఏటి దాకా ఉంచాలని నా సిఫారసు.

నెల తిరక్కుండా ఆఫీసు నుంచి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి, సర్టిఫికెట్ వెనక్కి పంపమని. రెండోది, తాడు ఒక్క ఏడు ఉండొచ్చని. ఒక్క ఏడే. మామ సర్టిఫికెట్‌ను అద్దంతో సహా పంపేశాడు. ఆ మేకుకు బాడిశ తగిలించాడు.

ఆ ఏడు గుడ్డు రాలేదు. ఎండలు తగ్గుముఖం పట్టిన ఓ ఉదయం లెక్కపెడితే నలభై. మామ రెండోసారి లెక్కపెట్టలేదు. పుస్తకంలో "వెళ్ళాయి" అని రాసి, మెట్ల మీద కూర్చుని, ఖాళీగా ఉన్న సముద్రం వైపు చూశాడు. చెక్కపిట్టలు ఒకదాని వెనక ఒకటి గాలికి ఎదురు తిరుగుతున్నాయి.

అత్త టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి చెవి దగ్గర ఏదో అంది.

"వెళ్ళిపోయాయి కదే, ఇంకా గుసగుసలెందుకు? గట్టిగా చెప్పు," అన్నాడు మామ. ఆయన కూడా గుసగుసగానే అన్నాడు.

"అలవాటు తప్పితే," అంది అత్త, "వచ్చే ఏడు మళ్ళీ నేర్చుకోవాలి."